మానికలతో కొలిచిన బేస్ డబ్బా

మా బ్యాండులో ముగ్గురమే. గిటార్ వాయిస్తూ పాడేవాడు జనగామలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతాడు. డ్రమ్ములు కొట్టేవాడికి స్టేషన్ దగ్గర వెల్డింగ్ షాపు ఉంది. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా డప్పు వాయించారు కాబట్టి మెల్లగా కొట్టడమనేది వాడి చేతికి తెలియదు. మూడో మనిషిని నేను. పగలు ఒక దవాఖాన ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను, సాయంత్రం బేస్ గిటార్ వాయిస్తాను. ఇద్దరూ నాకన్నా పదేళ్లు చిన్నవాళ్లు. అక్కా అంటారు గానీ అక్క మాట వినరు. ఆ మాటకొస్తే, అక్క గిటారు కూడా మూడేళ్లపాటు ఎవరికీ వినబడలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బేస్ గిటార్‌కు లావుపాటి తీగలు నాలుగే ఉంటాయి. పాట నిలబడే నేల అది. మామూలు గిటార్ పైన ఎంత గంతులేసినా కింద ఆ నేల ఉండాలి. మాది చెవులు దిమ్మెక్కే రాక్ బ్యాండు. మా సాధన పత్తి మిల్లు వెనక ఖాళీ గోదాములో. అక్కడ నా దగ్గరున్న చిన్న స్పీకరు పెట్టె డ్రమ్ముల ముందు చెవిటివాడి ముందు ఊదిన శంఖమే. నేను వాయిస్తున్నానని నాకే నమ్మకం లేకపోయేది. తీగ మీద వేలు పెట్టి, అది వణుకుతుంటే సరేలే, వాయిస్తున్నాను అనుకునేదాన్ని.

ఒకసారి ల్యాబు పని మీద హైదరాబాదు పోయినప్పుడు, ఊరికే చూసొద్దామని వాద్యాలు అమ్మే ఒక పెద్ద దుకాణంలోకి వెళ్లాను. మూలన నల్లటిదొకటి నా భుజం దాకా నిలబడి ఉంది. బీరువా అనుకున్నాను. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది బిగించిన బేస్ క్యాబినెట్ అట. దుకాణం ఆయన ఒక గిటారు తగిలించి నా చేతికిచ్చాడు. లావు తీగను ఒక్కసారి మీటాను. స్వరం ముందు మోకాళ్లలోకి వచ్చింది. తర్వాత పొట్టలోకి, ఆ తర్వాత ఛాతీలోకి. చెవి దాకా వచ్చేసరికి అది నిండుగా, శుభ్రంగా, పక్క స్వరంతో పొరపడటానికి వీల్లేనంత స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లూ నా వేళ్ల కింద ఉన్నది ఇదా అని నోరు వెళ్లబెట్టి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకోసారి మీటాలని ఎంత ఉన్నా, ఎవరైనా చూస్తారని సిగ్గేసి గిటారు తిరిగి ఇచ్చేశాను.

ధర అడిగాను. అడక్కపోతేనే బాగుండేది. పైగా దాన్ని ఎత్తాలంటే ముగ్గురు కావాలి, ఎక్కించాలంటే వ్యాను కావాలి. మేం కచేరీలకు పోయేది ట్రాలీ ఆటోలో. బస్సులో జనగామ దాకా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను, ఆ ఒక్క స్వరం నా వెంటే వచ్చింది.

చెబితే ఫిజిక్స్ సారు తేలిగ్గా తీసేశాడు. బేసే కావాలంటే మన దగ్గర కరువా, పెళ్లి బరాతుల్లో గోడలు అదిరే డీజే డబ్బాలు వీధికి రెండున్నాయి, ఒక జత కిరాయికి తెద్దామన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మా వైపు బేస్ అంటే అదే కదా, ఛాతీ అదరాలి, కిటికీ రెక్కలు కొట్టుకోవాలి. జనగామలోనే ఒక ఫంక్షన్ హాల్లో మా కచేరీ ఉంటే రెండు డబ్బాలు తెచ్చి నా వెనక పెట్టుకున్నాను. ఆ రోజు మా అవ్వ, అంటే మా అమ్మ, కూడా వచ్చింది. అవ్వ భూపాలపల్లిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది, ఇటువైపు ఏదో పెళ్లికి వచ్చి, నా వాయింపు చూద్దామని ఆగింది.

హాలు అదిరింది. అందులో అబద్ధం లేదు. కానీ నేను ఏ తీగ మీటినా, పైకి పోయినా కిందికి దిగినా, బయటికి వచ్చేది ఒకటే ధబ్. ఆ డబ్బాలు పుట్టింది అదరగొట్టడానికి. ఈ స్వరానికీ ఆ స్వరానికీ తేడా చెప్పడం వాటి పని కాదు. మావాడి కాలి డ్రమ్ము కూడా ధబ్బే కాబట్టి, నేను మూడేళ్లుగా కూర్చిన స్వరాలన్నీ పోయి వాడి ఖాతాలో పడ్డాయి. జనం వాడికి ఈలలు వేశారు.

కచేరీ అయ్యాక అవ్వ నా పక్కన కూర్చుని, ఏ కల్మషమూ లేకుండా అడిగింది. "గా పొలగాడు పాడుడు ఇనబడ్డది. గీ పొలగాడు కొట్టుడు ఇనబడ్డది. గండ్ల నీదేది బిడ్డా?"

అవ్వకు చెవి లేదని సరిపెట్టుకోవడానికి లేదు. మొగుళ్లపల్లిలో ముప్పై ఏళ్లు నాట్లు వేసిన మనిషి, నాట్లలో పాట ఎత్తేది తనే. వెనక అందుకునే పదిహేను మందిలో ఎవరు ఆలస్యంగా అందుకున్నారో వంగిన నడుము ఎత్తకుండానే చెప్పేది. అలాంటి మనిషికి కూతురు వినబడలేదంటే, కూతురు లేనట్టే లెక్క. నేను చేతులు చూపించి ఇవి అవ్వా అన్నాను. అవ్వ నా వేళ్ల మీది కాయలు నిమిరింది.

వారం తర్వాత గోదాములో ఫిజిక్స్ సారు తీగలు బిగించుకుంటూ, నా వైపు చూడకుండా మాట మొదలుపెట్టాడు. "అక్కా, బేస్ ల్యాప్‌టాప్‌ల పెట్టుకుందామా? నువ్వు నాతోని పాడు."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు మాత్రం రాలేదు, అందుకే భయమేసింది. వాడన్నది తప్పు కాదు. వినబడని మనిషిని వేదిక మీద ఎన్నాళ్లు నిలబెట్టుకుంటారు? భూపాలపల్లిలో ఒక కాలేజీ వాళ్లు వార్షికోత్సవానికి పిలిచి ఉన్నారు, ఇంకా రెండు నెలలుంది. ఆ ఒక్క కచేరీ దాకా ఆగమన్నాను. అక్కడ కూడా వినబడకపోతే మీరు చెప్పక్కర్లేదు, గిటారు నేనే దింపేస్తాను అన్నాను. అవ్వ ఉండేది ఆ ఊళ్లోనే అని నేను గుర్తుచేయలేదు, వాళ్లకూ తెలుసు.

ఇక ఏ క్యాబినెట్ అన్న ప్రశ్న. తన మాట నన్ను ఎంత కుంగదీసిందో చూశాడు కాబట్టి, సారే పుస్తకం ముందేసుకుని లెక్కలకు కూర్చున్నాడు. పదిహేను అంగుళాల స్పీకరు ఒక్కటి పెట్టుకోవచ్చు, కింది స్వరాలకు అది మంచిదే గానీ మా డప్పు వంశం ముందు ఒక్కటి నిలవదు. ఎనిమిది పదులు మోయలేం. నాలుగు పదులు సరిగ్గా సరిపోతాయని తేల్చాడు. చిన్న స్పీకరు చురుగ్గా కదిలి చురుగ్గా ఆగుతుంది కనుక ఏ స్వరానికి ఆ స్వరం విడిగా తెలుస్తుంది, నాలుగూ కలిసి తోస్తే గాలి బాగానే కదులుతుంది. స్పీకర్లు తెప్పించుకున్నాం. వాటితో వచ్చిన కాగితం మీద, డబ్బా లోపల ఖాళీ ఇన్ని లీటర్లు ఉండాలి, ఎక్కువా తక్కువా కాకూడదు అని రాసి ఉంది. డబ్బా చేసే మనిషి మానుకోటలో ఉన్నాడని డ్రమ్ములవాడు చెప్పాడు. ఆయన డబ్బాలకు ఇనుప స్టాండ్లు వీడే వెల్డింగ్ చేస్తాడట.

మహబూబాబాదును మానుకోట అనకపోతే ఆ ఊరివాళ్లకు నచ్చదు. స్పీకర్లు ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లల్ని పట్టుకున్నంత జాగ్రత్తగా ప్యాసింజర్ రైల్లో పోయాం. కురవి పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు, బయట రంగు ఆరుతున్న డీజే డబ్బాలు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు నాగళ్లు చేశాడు, తర్వాత దర్వాజాలు, పదిహేనేళ్లుగా డబ్బాలు. బేస్ గిటార్ ఎన్నడూ చూడలేదు. కరెంటు తగిలించకుండానే ఒకసారి వాయించమని, గిటారు కట్టెకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను ఒక్కో తీగనూ మీటాను. చాలాసేపటికి తల ఎత్తి అన్నాడు, "మేం చేసే డబ్బాలు ఉరుముతయ్ బిడ్డా. గిది మాట్లాడుతది. దీనికి ఏరే చెయ్యాలె."

ఆ మాట విన్నాక ఆయన ఏ కట్టె కోసినా నాకు అభ్యంతరం లేదు. అయినా ఎంచే తీరు చూసి ఆశ్చర్యపోయాను. ప్లైవుడ్ పలకల్ని ఒక్కొక్కటి నిలబెట్టి వేలి కణుపుతో కొడతాడు, రెండో చెయ్యి వెనక ఆనించి ఉంచుతాడు. పన్నెండు పలకల్లో ఐదు ఎంచాడు. మిగతావి నాకు అచ్చం ఆ ఐదింటిలాగే వినిపించాయి.

అసలు వింత కొలత దగ్గర. లోపలి ఖాళీని ఆయన టేపుతో కొలవడు, వడ్లతో కొలుస్తాడు. లోపల అడ్డ కర్రలూ మూల దిమ్మెలూ వస్తాయి, టేపుకు అవన్నీ లెక్క తెలియవు, వడ్లు మాత్రం సందు సందులోకీ పోతాయి అన్నాడు. డబ్బాను కావలసినదానికంటే లోతుగా చేసి, వెనక భాగం తెరిచి బోర్లా పడుకోబెట్టి, ముందు పలక రంధ్రాలకు అట్టలు కొట్టి, వడ్లు పోస్తాడు. ఎక్కడి దాకా వస్తే అక్కడ గీత గీసి, గీత మీద కోసేసి, వెనక పలక బిగిస్తాడు. వడ్లు కొలిచే మానికకు ఎన్ని లీటర్లో తేల్చడానికి సారు నీళ్ల సీసాతో మానిక నింపి చూసి, ఇన్ని మానికలు పోయండి అని చెప్పాడు. మేస్త్రి కొలత మొదలుపెట్టాడు. మొదటిదాన్ని ఒకటి అనలేదు, లాభం అన్నాడు. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరికి రాగానే, ఏడుపు మాట నోట రాకుండా ఆరున్నొకటి అన్నాడు. కల్లంలో అందరూ అనేవే, కానీ రాక్ బ్యాండు డబ్బాకు కూడా ఆ మర్యాదలన్నీ జరుగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, భక్తీ కలిగింది.

పది రోజులకు డబ్బా సిద్ధమని ఫోను. ఇల్లలకగానే పండగ కాదని అక్కడికి పోయాక తెలిసింది. చూడటానికి ముచ్చటగా ఉంది, నున్నగా, నల్లగా, ఇద్దరం మోయగలిగేంత. ఆంప్లిఫయర్ తగిలించి లావు తీగ మీటితే స్వరమైతే వచ్చింది, డీజే డబ్బాకంటే వెయ్యి రెట్లు నయం. కానీ నిలబడలేదు, కిందికి జారిపోయింది. నేను తీగను చేత్తో ఆపినా డబ్బా ఆగడం లేదు, లోపల ఏదో ఇంకా మూలుగుతూనే ఉంది. గబగబా వాయిస్తే ఒకదాని మూలుగులోకి ఇంకొకటి పడి అంతా అంబలి అయింది. సారు తన లెక్క మళ్లీ వేశాడు, చుక్క పొల్లు పోకుండా సరిగ్గానే ఉంది. మేస్త్రి కోతలు చూసుకున్నాడు, అవీ సరిగ్గానే ఉన్నాయి. కచేరీకి ఇంక తొమ్మిది రోజులు. నేను బయటికొచ్చి రంపపు పొట్టు మీద కూలబడ్డాను. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలి, నేను ఎక్కడ నిలబడి పాడాలి, అదే ఆలోచిస్తున్నాను.

అలా కూర్చునే చూశాను. మేస్త్రి ఇంకెవరిదో డీజే డబ్బాకు కొలత మొదలుపెట్టాడు. మానిక ముంచాడు, ఎత్తాడు. వడ్లు అంచు దగ్గర ఆగలేదు, పైన గుట్టగా శిగ కట్టి ఉన్నాయి. ఆ శిగతో సహా డబ్బాలోకి పోశాడు. ఏళ్ల తరబడి ల్యాబులో గాజు గొట్టాల మీద గీతకు గీత కలిపి కొలిచే మనిషిని నేను. నీళ్లకు శిగ నిలవదు, వడ్లకు నిలుస్తుంది. సారు నీళ్లతో అంచు దాకా కొలిచి ఇన్ని మానికలన్నాడు, మేస్త్రి ప్రతి మానిక మీదా ఒక గుప్పెడెక్కువ పోశాడు. మా డబ్బా కావలసినదానికంటే అన్ని గుప్పెళ్లు పెద్దది.

శిగతోనే కొలిచావా అని అడిగితే మేస్త్రికి ప్రశ్నే అర్థం కాలేదు. "శిగ లేకుంట ఎవలన్న కొలుస్తరా బిడ్డా? ఆకిట్లకొచ్చినోనికి మానిక గీసి పోస్తే పాపం తల్గదా?"

తప్పు మా ముగ్గురి కళ్ల ముందే జరిగింది. సారు ఇంట్లోనూ శిగతోనే కొలుస్తారు, డ్రమ్ములవాడి ఇంట్లోనూ, మా ఇంట్లోనూ. అంచు గీసి కొలిచేవాణ్ణి మేమంతా పిసినారి అనే పెరిగాం. అందుకే చూస్తూ కూడా చూడలేదు. డీజే డబ్బాలకు ఆ గుప్పెడు ఎక్కువైనా ఎవరికీ తెలియదు, ఉరిమితే చాలు కదా. సారు మొహం మాడిపోయింది. కోపం రావలసింది నాకు. కానీ నా బేస్ డబ్బా ధారాళంగా కొలవడం వల్ల చెడిందని తెలిశాక, తిట్టడానికి నోరు రాలేదు.

డబ్బా విప్పితే అతుకులు పాడవుతాయి. ఎక్కువైన ఖాళీని లోపలే నింపుదామని మేస్త్రి చిన్న గుడ్డ సంచులు తెప్పించాడు. ఒక్కో సంచిలో ఒక్కో మానిక వడ్లు, ఈసారి అంచు గీసి. ఒక స్పీకరు విప్పి, ఆ రంధ్రంలోంచి ఒక సంచి లోపల పెట్టి, మళ్లీ బిగించి, నన్ను వాయించమన్నాడు. డబ్బా పక్కన గొంతుకు కూర్చుని అరచెయ్యి దానికి ఆనించాడు. కాదన్నట్టు తల ఊపాడు. ఇంకో సంచి. పక్క షెడ్డులో కట్టె చిత్రిక పట్టే రంధా నడుస్తుంటే కేకేసి ఆపించాడు. మూడో సంచికి మూలుగు కొంచెం తగ్గింది. ఆరో సంచికి నాకూ తెలియడం మొదలైంది, స్వరం అంచులు కనబడుతున్నాయి. ప్రతిసారీ ఎనిమిది స్క్రూలు విప్పాలి, ఎనిమిది బిగించాలి. ఎవరూ విసుక్కోలేదు.

పదకొండో సంచి తర్వాత తీగ మీటాను. స్వరం లేచి నిలబడింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. షెడ్డు నేల మీద పొట్టు కదిలింది, మోకాళ్లలోకి, పొట్టలోకి, ఛాతీలోకి వచ్చింది. నేను తీగ మీద వేలు పెట్టగానే, మొత్తం, ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దానికి కూడా నాకు ఒళ్లు గగుర్పొడిచింది. డ్రమ్ములవాడు తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. సారు చేతులు కట్టుకుని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. మేస్త్రి మాత్రం నమ్మలేదు. ఇంకో సంచి పెట్టించాడు, స్వరం బిగుసుకుపోయింది, తీసేయించాడు. "గంతే. దీని కడుపు గంతే," అన్నాడు. సంచుల స్థానంలో అంతే కొలతకు కర్ర దిమ్మెలు అతికించి పంపాడు. రైల్లో వస్తూ సారు శిగలన్నిటికీ లెక్క కట్టాడు. ఎక్కువ పోసిన వడ్లు పదిన్నర మానికలు. కాగితం ముట్టని ఆ అరచెయ్యి అర మానిక తేడాతో పట్టుకుంది. సారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మానుకోట వైపు తిరిగి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

భూపాలపల్లిలో కచేరీ సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే. కాలేజీ మైదానం నిండా పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు. అవ్వ మూడో వరసలో కుర్చీ అంచున కూర్చుంది, తమ్ముడు పక్కన. మొదటి పాట మొదలైంది, నా వంతు నాలుగో తాళానికి వస్తుంది. మీటాను. ముందు వరసల్లో తలలు ఒక్కసారి లేచి నా వైపు తిరిగాయి. మూడేళ్లలో ఎవరూ నా వైపు తిరగలేదు. ఒక స్వరం మీటితే మైదానం చివర గోడ మీద కూర్చున్నవాళ్లు కూడా కదిలారు. పైకి పోతే పైకి, కిందికి దిగితే కిందికి, నా వేళ్లు చెప్పిందల్లా అంతమంది ఒళ్లలోకి పోతోంది. ఇంత పెద్దదాన్నా నేను మూడేళ్లుగా మెడలో వేసుకుని తిరుగుతున్నది అని నాకు భయభక్తులు కలిగాయి. సారు పాడుతూనే నన్ను చూసి తల ఆడించాడు. ల్యాప్‌టాప్ మాట ఇక ఉండదని ఆ తల ఆడింపుతో తెలిసింది.

ఆ సంతోషమే ముంచింది. రెండో పాటలో చరణం చివర అందరం కలిసి కిందికి దిగాలి. నేను జనాన్ని చూస్తూ, దిగకుండా పై స్వరమే మీటాను. నాలుగు స్పీకర్లూ ఆ తప్పును ఏ మొహమాటమూ లేకుండా, నిండుగా, శుభ్రంగా మైదానమంతా పంచాయి. సారు చటుక్కున తిరిగాడు. డ్రమ్ములవాడు పళ్లు ఇకిలించాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లలో ఇలాంటివి ఎన్ని చేశానో, ఎవరికీ వినబడలేదు కాబట్టి నాకూ తెలియలేదు. మిగిలిన ఐదు పాటలూ చెమటలు కారుస్తూ, పరీక్ష రాస్తున్నదానిలా వాయించాను.

అయిపోయాక సామాను సర్దుతుంటే అవ్వ జనంలోంచి దారి చేసుకుని వేదిక దగ్గరికి వచ్చింది. బాగుందనలేదు. నా చెయ్యి పట్టుకుని కిందికి వంచి, మిగతావాళ్లకు వినబడకుండా, నాట్లలో పక్క మనిషికి చెప్పే గొంతుతో చెప్పింది. "రెండో పాటల అందరు కిందికి దిగిండ్రు బిడ్డా. నువ్వొక్కదానివే మీదనే ఉన్నవ్."

కళ్లలో నీళ్లు ఆగలేదు. తుడుచుకోను కూడా లేదు. వేడి తగ్గని డబ్బా మీద కూర్చుని, అవునవ్వా, తప్పిన, అన్నాను.